కూతుళ్ల జట్టు

ఐస్‌లాండ్ జనంలో చాలామందికి ఇంటిపేర్లుండవు. తండ్రి పేరుకు కొడుకైతే 'సన్' అనీ, కూతురైతే 'దోత్తిర్' అనీ చేరుస్తారు. కొందరు తల్లి పేరుకూ చేర్చుకుంటారు. పెళ్లయినా ఆడపిల్ల పేరు మారదు. టెలిఫోన్ డైరెక్టరీలో కూడా సొంత పేర్ల వరసే. అందుకని ఆ దేశపు మహిళా ఫుట్‌బాల్ జట్టు జాబితా మొదటిసారి చూసినవాళ్లకు వీళ్లంతా ఒకే కుటుంబమేమో అన్న అనుమానం వస్తుంది. దాదాపు అన్ని పేర్లూ దోత్తిర్‌తోనే ముగుస్తాయి. కత్రీన్ యోన్స్‌దోత్తిర్, స్వెయిన్‌దిస్ జేన్ యోన్స్‌దోత్తిర్ ఇద్దరూ యోన్ కూతుళ్లే, కానీ ఆ యోన్ వేరు, ఈ యోన్ వేరు. మొదటామె డాక్టరు, దేశం తరఫున 133 మ్యాచ్‌లాడి 2013లో సెలవు తీసుకున్న కెప్టెన్. రెండో ఆమె ఇప్పటి జట్టులో పరుగుల పిడుగు. తల్లిది ఘనా.

అంత చిన్న దేశంలో పేర్లు కలవడం వింతేమీ కాదు. 2009లో ఐస్‌లాండ్ జనాభా దాదాపు 3 లక్షల 19 వేలు. 2011 జనాభా లెక్కల్లో మన నిజామాబాద్ నగరానిది 3 లక్షల 11 వేలు. నిజామాబాద్ అంత ఊరు ఒక దేశమై, ఒక జట్టును కట్టి, ఫ్రాన్స్, జర్మనీలతో తలపడిందనుకోండి. అందులోనూ చలికాలంలో మంచు, చలిగాలి, మధ్యాహ్నానికే చీకటి.

2016లో ఐస్‌లాండ్ పురుషుల జట్టు ఇంగ్లాండ్‌ను ఓడించి యూరోపియన్ ఛాంపియన్‌షిప్ (యూరో) క్వార్టర్ ఫైనల్ చేరినప్పుడు ప్రపంచ పత్రికలన్నీ ఈ లెక్కే వేశాయి. అభిమానులు చేతులు పైకెత్తి కొట్టిన చప్పట్లు టీవీల్లో మారుమోగాయి. 'మొదటిసారి' అన్న మాట శీర్షికల్లో పదే పదే కనిపించింది. నిజానికి ఆ దేశం సీనియర్ జట్టు ఒకటి పెద్ద టోర్నీకి మొదటిసారి వెళ్లింది 2009లో. వెళ్లింది కూతుళ్లు. ఏడేళ్ల ముందే తెరిచిన తలుపును కొత్తగా కనిపెట్టినట్టు రాశారు.

తొలి రోజుల కథ గొప్పగా ఏమీ ఉండదు. దేశంలో మహిళల లీగ్ 1972లో మొదలైంది, తొలి విజేత ఎఫ్‌హెచ్ క్లబ్బు. తర్వాత రేక్యవిక్ పక్కనే ఉన్న కోపవోగుర్ పట్టణానికి చెందిన బ్రెయిదాబ్లిక్ క్లబ్బు ఆ లీగ్‌ను తన సొంతిల్లు చేసుకుంది. 1975 అక్టోబర్ 24న ఐస్‌లాండ్ ఆడవాళ్లలో నూటికి తొంభై మంది ఇంటాబయటా పని మానేసి ఒక రోజు సెలవు పెట్టారు. 1980లో విగ్దిస్ ఫిన్బొగదోత్తిర్ దేశాధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు, ఓట్ల ద్వారా ఆ పదవికొచ్చిన ప్రపంచపు తొలి మహిళ ఆమే. మరుసటి ఏడాది, 1981 సెప్టెంబర్‌లో, మహిళా జట్టు స్కాట్లాండ్ వెళ్లి తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడి 3–2తో ఓడింది. ఈ మూడు సంఘటనలనూ ఒకే దారంలో గుచ్చి మాల కట్టాలనిపిస్తుంది. ఆ తర్వాత జరిగింది చూస్తే ఆ దారం పుటుక్కున తెగుతుంది.

యూరప్‌లో మహిళలకు తొలి అధికారిక పోటీలు 1982లో మొదలైతే ఐస్‌లాండ్ దిగింది. స్వీడన్, నార్వే, ఫిన్లాండ్ ఉన్న గ్రూపులో నార్వే గడ్డ మీద 2–2తో డ్రా చేసుకుంది, మిగతావన్నీ దెబ్బలే. దేశపు ఫుట్‌బాల్ సంఘం పెద్దలకు అంతటితో ఉత్సాహం చల్లారింది. 1987, 1989, 1991 యూరోల అర్హత పోటీలు మూడింటికీ జట్టును పంపనేలేదు. ఒక మహిళను అధ్యక్షురాలిగా ఎన్నుకున్న దేశంలోనే ఒక తరం ఆడపిల్లలు బూట్లు తుడుచుకుని కూర్చున్నారు. జనాభా తక్కువ, డబ్బు తక్కువ అన్న సాకులు అప్పుడూ ఉన్నాయి, కానీ అవే సాకులు ఆ ఏళ్లలో పురుషుల జట్టును ఇంట్లో కూర్చోబెట్టలేదు.

మళ్లీ పిలుపు వచ్చాక ఎంత వేగంగా లేచారో చూడండి. 1995 యూరో అర్హత పోటీల్లో నెదర్లాండ్స్, గ్రీస్ ఉన్న గ్రూపులో అన్ని మ్యాచ్‌లూ గెలిచి క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లారు. అప్పట్లో క్వార్టర్ ఫైనల్ అంటే రెండు దేశాలూ ఒకరి ఊళ్లో ఒకరు ఆడుకునేదే. ఇంగ్లాండ్ రెండు చోట్లా 2–1తో గెలిచింది. ఆ రోజుల కెప్టెన్ వందా సిగుర్‌గెయిర్స్‌దోత్తిర్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ తర్వాత అసలు మార్పు తెచ్చింది ఇనుప రేకుల కప్పులు. 2000లో కెప్లావిక్ దగ్గర రేక్యనెస్ హాలు తెరిచారు. పూర్తి కొలతల ఫుట్‌బాల్ మైదానం, పైన కప్పు, లోపల కృత్రిమ గడ్డి. తర్వాత ఒక్కో పట్టణమూ తనకొక హాలు కావాలంది. బడుల పక్కన చిన్న చిన్న కృత్రిమ గడ్డి మైదానాలు వెలిశాయి. పిల్లలకు ఆట నేర్పేవాళ్లకు కూడా యూరోపియన్ ఫుట్‌బాల్ సంఘం లైసెన్సులు ఉండాలన్నారు. వీటిని వేసినవాళ్లు ఆడపిల్లల కోసమని వేయలేదు. కానీ ఊరికి ఉన్నది ఒకే హాలు, ఒకే క్లబ్బు, ఒకే కోచ్. అబ్బాయిలకు సాయంత్రం ఐదుకు తెరిచిన తలుపు అమ్మాయిలకు ఆరుకు మూసెయ్యడం చిన్న ఊళ్లో కుదరదు, అందరూ అందరికీ తెలిసినవాళ్లే మరి. చిన్న దేశం కావడం వల్ల ఐస్‌లాండ్‌కు కలిగిన అసలు లాభం ఇదేనని నాకనిపిస్తుంది. అగ్నిపర్వతాలు, వైకింగుల రక్తం లాంటి కబుర్లు పర్యాటక శాఖకు పనికొస్తాయి.

అయినా ఒక ద్వీపవాసి కథ చెప్పకుండా ఉండలేను. ప్రధాన భూభాగానికి దక్షిణాన వెస్ట్‌మన్ దీవులున్నాయి, జనాభా నాలుగు వేల పైచిలుకు. 1973 జనవరిలో అక్కడ అగ్నిపర్వతం బద్దలై రాత్రికి రాత్రి ఊరంతా పడవలెక్కింది. లావా చల్లారాక చాలామంది తిరిగొచ్చి ఇళ్ల మీది బూడిద తవ్వుకున్నారు. ఆ ఊళ్లో 1986లో పుట్టిన మార్గ్రేత్ లారా విదార్స్‌దోత్తిర్ పదహారేళ్లకే, 2003లో, హంగరీ మీద దేశానికి తొలి మ్యాచ్ ఆడి గోల్ కొట్టింది. ఆట మానేసిన 2019 నాటికి ఆమె ఖాతా 124 మ్యాచ్‌లు, 79 గోల్స్. పురుషుల జట్టు రికార్డు ముప్పై దాటలేదు. 2007 జూన్‌లో రేక్యవిక్‌లో ఫ్రాన్స్‌ను 1–0తో ఓడించిన గోల్ కూడా ఆమెదే. ఆ ఏడాది దేశంలోని క్రీడాకారులందరిలో మేటిగా ఆమెనే ఎన్నుకున్నారు.

ఫ్రాన్స్ మీద ఆ గెలుపుతో 2009 యూరో అందుబాటులోకొచ్చింది. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లో డ్రా చేసుకుంటే చాలు నేరుగా వెళ్లేవాళ్లు, 2–1తో ఓడారు. ఇక మిగిలింది ఐర్లాండ్‌తో ప్లేఆఫ్, అదీ 2008 అక్టోబర్‌లో. ఆ నెల మొదట్లోనే ఐస్‌లాండ్ పెద్ద బ్యాంకులు మూడూ వారం తిరక్కుండా కుప్పకూలాయి. దేశమంతా దివాలా భయంతో వణుకుతోంది. డబ్లిన్‌లో 1–1 డ్రా అయ్యాక అక్టోబర్ 30న రెండో మ్యాచ్ రేక్యవిక్‌లో. మైదానం గడ్డకట్టి గాజుపలకలా ఉంది. అడుగేస్తే జారుతోంది. దీని మీద ఆడటమేమిటని ఐర్లాండ్ వాళ్లు అభ్యంతరం చెప్పారు, వాళ్ల మాటా అన్యాయమేం కాదు. మ్యాచ్ జరిగింది. ఐస్‌లాండ్ 3–0తో గెలిచింది. బ్యాంకులు మునిగిన నెలలో ఆ దేశానికి దక్కిన మంచి కబురు అదొక్కటేనేమో.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ టోర్నీలో జట్ల సంఖ్యను ఎనిమిది నుంచి పన్నెండుకు పెంచారు. ఆ నాలుగు కుర్చీలు వేయకపోతే ఈ కథ మరికొన్నేళ్లు ఆగేది. టోర్నీ జరిగిన ఫిన్లాండ్‌లో ఫ్రాన్స్ మీద హోల్మ్‌ఫ్రీదుర్ మాగ్నుస్‌దోత్తిర్ తొలి నిమిషాల్లోనే గోల్ కొట్టింది. ఆ ఆనందం ఎంతోసేపు నిలవలేదు, 3–1తో ఓటమి. నార్వే, జర్మనీల చేతిలో చెరో 1–0. కానీ జర్మనీ అప్పటి ప్రపంచ విజేత. రెండేళ్ల తర్వాత పోర్చుగల్‌లో ఆల్గార్వ్ కప్ ఫైనల్ చేరి అమెరికా చేతిలో 4–2తో ఓడారు.

2013 స్వీడన్ యూరో ఈ జట్టుకు శిఖరం. నార్వేతో 1–1, మార్గ్రేత్ లారా పెనాల్టీ. జర్మనీ చేతిలో 3–0. చివరి మ్యాచ్ వెక్షో పట్టణంలో నెదర్లాండ్స్‌తో. దాగ్నీ బ్రిన్యార్స్‌దోత్తిర్ తలతో కొట్టిన ఒక్క గోల్‌తో 1–0. క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య స్వీడన్ 4–0తో ఇంటికి పంపింది. ఆ నెదర్లాండ్సే నాలుగేళ్లకు యూరప్ విజేత అయింది. పెద్ద దేశాలు మహిళల ఆట మీద డబ్బు పెట్టడం మొదలెడితే ఏమవుతుందో అందులోనే తెలుస్తోంది.

ఈ జట్టు కథలో గోల్స్ పక్కన పెడితే నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది తల్లుల సంగతి. మార్గ్రేత్ లారా, దాగ్నీ, హర్పా థోర్‌స్టెయిన్స్‌దోత్తిర్ అందరూ బిడ్డల్ని కని మళ్లీ మైదానంలోకొచ్చినవాళ్లే. 2017 యూరో అర్హత పోటీల్లో హర్పా 10 గోల్స్‌తో యూరప్ మొత్తంలో అగ్రస్థానంలో ఉన్నవాళ్లలో ఒకరు. ఆ టోర్నీ మొదలయ్యేనాటికి ఒళ్లో నెలల బిడ్డ. ఈ వరసలో అతి పెద్ద పేరు సారా బ్యోర్క్ గున్నార్స్‌దోత్తిర్. 2020 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో ల్యోన్ తరఫున తన పాత క్లబ్బు వోల్ఫ్స్‌బర్గ్ మీదే గోల్ కొట్టి కప్పు గెలిచిన ఐస్‌లాండ్ కెప్టెన్. మరుసటి ఏడాది గర్భవతి అయి కాన్పుకు పుట్టింటికి వస్తే జీతంలో చాలా భాగం ఖాతాలో పడలేదు. ఆమె ఊరుకోలేదు. గర్భిణులైన క్రీడాకారిణుల జీతం గురించి ఫిఫా 2021లోనే నియమం తెచ్చింది. దాని ఆధారంగా ఫిర్యాదు చేసింది. 2022లో ఫిఫా ట్రిబ్యునల్ ఆమె వైపే తీర్పిచ్చి, ల్యోన్ క్లబ్బు 82 వేల యూరోల పైచిలుకు చెల్లించాలంది. ఆ నియమం కాగితం దిగి ఒక తల్లి బ్యాంకు ఖాతాదాకా నడిచింది అప్పుడే.

ఇంట్లో పోరు కూడా తక్కువేం కాదు. 2018లో ఐస్‌లాండ్ సంఘం స్త్రీపురుష జట్లకు సమానమైన మ్యాచ్ బోనసులు ప్రకటించింది. భలే అనుకునేలోగా, 2021 ఆగస్టులో పురుషుల జట్టు ఆటగాళ్ల మీద వచ్చిన లైంగిక దాడి ఆరోపణలను సంఘం సరిగ్గా పట్టించుకోలేదన్న విమర్శతో అధ్యక్షుడూ, ఆయన వెంట పాలకవర్గమూ తప్పుకున్నారు. ఆ ఖాళీ కుర్చీలోకి అక్టోబర్‌లో వచ్చినామె వందా సిగుర్‌గెయిర్స్‌దోత్తిర్. తొంభైల నాటి కెప్టెన్, తర్వాత జట్టు కోచ్, యూరప్‌లో ఒక జాతీయ ఫుట్‌బాల్ సంఘానికి అధ్యక్షురాలైన తొలి మహిళ. ఒకప్పుడు మూడు టోర్నీలకు మహిళా జట్టును పంపని సంఘం అదే.

2022లో ఇంగ్లాండ్‌లో జరిగిన యూరోలో ఐస్‌లాండ్ మ్యాచ్‌లు రెండింటిని మాంచెస్టర్‌లో అయిదు వేల మంది కూడా పట్టని శిక్షణ మైదానంలో వేశారు. ఇది అవమానమని సారా బ్యోర్క్ టోర్నీకి ముందే కుండబద్దలు కొట్టింది. బెల్జియంతో 1–1, ఇటలీతో 1–1, ఫ్రాన్స్‌తో 1–1. ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఇంటిదారి పట్టారు.

ప్రపంచ కప్ మాటెత్తితే ఐస్‌లాండ్ అభిమాని నిట్టూరుస్తాడు. 2017 అక్టోబర్‌లో అర్హత పోటీల్లో ఒలింపిక్ విజేత జర్మనీని జర్మనీలోనే 3–2తో ఓడించారు. మరుసటి సెప్టెంబర్‌లో అదే జర్మనీ రేక్యవిక్ వచ్చి 2–0తో బదులు తీర్చుకుంది. మూడు రోజుల తర్వాత చెక్ జట్టుతో గెలవాల్సిన మ్యాచ్‌లో స్కోరు 1–1, ఇంజురీ టైంలో పెనాల్టీ. సారా బ్యోర్క్ కొట్టింది, కీపర్ ఆపింది. ఆమె అంత ఆడినా ఆ ఒక్క బంతి గురించే అడుగుతుంటారు. 2022 సెప్టెంబర్‌లో ఉట్రెక్ట్‌లో నెదర్లాండ్స్‌తో డ్రా చాలు, 90 నిమిషాలూ నిలబడ్డారు, 93వ నిమిషంలో గోల్ పడింది. ప్లేఆఫ్‌లో పోర్చుగల్ ఎక్స్‌ట్రా టైంలో 4–1తో ఆ ఆశనూ తుడిచేసింది. 2023 దాకా జరిగిన తొమ్మిది మహిళా ప్రపంచ కప్పుల్లో ఐస్‌లాండ్ ఒక్కదానికీ వెళ్లలేదు. పురుషుల జట్టు 2018లో వెళ్లొచ్చింది.

2024 జూలై 12న రేక్యవిక్‌లో జర్మనీని 3–0తో చిత్తు చేసి వరసగా అయిదో యూరోకు టికెట్ సంపాదించారు. ఆ జర్మనీ నెల తిరక్కుండా పారిస్ ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచింది. ఇప్పటి కెప్టెన్ గ్లోదిస్ పెర్లా విగ్గోస్‌దోత్తిర్ డిఫెండర్, బయర్న్ మ్యూనిక్‌కు కూడా ఆమే నాయకురాలు. స్వెయిన్‌దిస్ బంతిని చేత్తో విసిరితే అది త్రో-ఇన్ కాదు, కార్నర్ కిక్కే. ఇంత సరంజామాతో 2025లో స్విట్జర్లాండ్ వెళ్లి ఫిన్లాండ్ చేతిలో 1–0, ఆతిథ్య జట్టు చేతిలో 2–0, చివరికి నార్వే చేతిలో 4–3తో ఓడారు. ఆ మూడు గోల్స్‌లో ఒకటి స్వెయిన్‌దిస్‌ది, ఒకటి గ్లోదిస్ పెనాల్టీ.

అయిదు యూరోలు, పదహారు మ్యాచ్‌లు. అందులో గెలిచింది ఒక్కటి: 2013 జూలై 17, వెక్షో, నెదర్లాండ్స్ మీద 1–0.