ఒమన్‌లో తీరం పక్కన ఇల్లు కొనేముందు

మస్కట్‌లో సముద్రం కనిపించే ఇల్లు కొనాలనుకునే మనవాళ్లు నన్ను అడిగేది ఒక్కటే: "అలలు ఇంటిదాకా వస్తాయా?" నేనైతే ముందు ఇంటి వెనక చూడమంటాను.

ఇక్కడ పెద్ద భయం వాదీతోనే. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి ఉండే వాగు అది. కొండల్లో వాన పడితే గంటల్లో పొంగుతుంది. 2007 జూన్‌లో గోను తుపానుకు ఖురుమ్ మునిగింది ఇలాగే. ఆ తుపానుకు దేశంలో దాదాపు 50 మంది పోయారు. 2021 అక్టోబరు 3న షహీన్ బాతినా తీరాన్ని తాకినప్పుడు సువైక్, ఖబూరా ఊళ్లు నీట మునిగాయి. వాదీ సముద్రంలో కలిసేచోట మరీ ప్రమాదం: అలలు ఎగదన్నితే వరద నీరు బయటికి పోలేదు.

మనలాంటి విదేశీయులు సొంత హక్కుతో కొనుక్కోగలిగే అల్ మౌజ్, జబల్ సిఫా వంటి ప్రాజెక్టులు తీరంలోనే ఉన్నాయి. కాబట్టి బ్రోషర్ పక్కన పెట్టి, ఇంటి నేల రోడ్డు కంటే ఎంత ఎత్తులో ఉందో చూడండి. గోనుకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పాత దుకాణాలవాళ్లను అడగండి, వేలుపెట్టి చూపిస్తారు.

కోత సంగతి ఉప్పాడ చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. రేవు గోడ కడితే ఒకపక్క ఇసుక మేట వేస్తుంది, రెండోపక్క తీరం కోసుకుపోతుంది. మీ ఇల్లు ఏ పక్కనో చూసుకోండి. ఇంటి బీమాలో తుపాను, వరద రెండూ ఉన్నాయో లేదో సంతకానికి ముందే చదవండి.