సరిహద్దు దాటే ఆరోగ్య వివరాలు: ‘ఆభా’ సంఖ్య

ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద వ్యక్తికి లభించే 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్యయే ‘ఆభా’. 2020 ఆగస్టు 15న ప్రకటితమైన ఈ పథకం తొలుత ఆరు కేంద్రపాలిత ప్రాంతాలలో ప్రయోగాత్మకంగా ఆరంభమైనది. యానాం అంతర్భాగమైన పుదుచ్చేరి వాటిలో ఒకటి. 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ విస్తరించినది.

ఒక రాష్ట్రంలో నివసిస్తూ పొరుగు రాష్ట్రంలో వైద్యం పొందే కుటుంబాలకు ఇది ఉపయుక్తం. రెండు ఆసుపత్రులూ ఈ వ్యవస్థలో చేరి ఉంటే, పాత పరీక్షల ఫలితాలు, మందుల చీటీలు కొత్త వైద్యునికి కనబడగలవు. వివరాలు నమోదైన ఆసుపత్రి వద్దనే నిలిచి, రోగి అనుమతించినప్పుడే కదలుతాయి. పేర్లు తొలగించి ఇటువంటి వివరాలను లక్షలాదిగా పరిశీలిస్తే, ఏ ప్రాంతంలో ఏ వ్యాధి ప్రబలుతున్నదో ముందుగా గ్రహించవచ్చును.

చిక్కులూ లేకపోలేదు. చిన్న ఆసుపత్రులు నమోదు చేయకున్న పల్లెల రోగాలు లెక్కకే రావు. ఒకే పేరు కన్నడ, తమిళ, ఒడియా పత్రాలలో వేర్వేరుగా ఉన్నచో జతపరచుట కష్టం. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరుగగా, అక్కడి పనులు కొన్నాళ్లు చేతిరాతతోనే సాగినవి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో ప్రత్యేక చట్టం వెలువడినది.

ఆభా ఉచితం, ఐచ్ఛికం. ఇది బీమా కార్డు కాదు. కాగితపు చీటీలనూ భద్రపరచుకొనుట మేలు.