రెసిడెన్సీ కోఠీ

చావడి కప్పు కురియునప్పుడు ‘బాగుచేయవలసినవారెవరు?’ అను తగవు మీ గ్రామములందు క్రొత్తది కాదు. హైదరాబాదులోని రెసిడెన్సీ కోఠీకిని ఇదే తగవు.

1803 ప్రాంతమున దీని నిర్మాణమునకు పూనినవాడు కుంపిణీ ప్రతినిధి కర్క్‌పాట్రిక్. ద్రవ్యమొసగినది నిజాము సర్కారు. స్థలమునకై పెద్ద పటము చూపగా నిజాము కాదనెననియు, దానినే చిన్న చీటిపై వ్రాసి తేగా సమ్మతించెననియు ఒక కథ కలదు. నిజమెట్లున్నను, సొమ్మొకరిది, సోకొకరిది!

1947లో దొరలు వెడలిరి. 1949లో ఉస్మానియా మహిళా కళాశాల అందు ప్రవేశించెను. ఇంతకంటె మంచి వినియోగము నాకు తోచదు. కాని పాఠములు చెప్పువారు నూటయేబదియేండ్ల మిద్దెను కాపాడుట యెట్లు? 2002లో ప్రపంచ స్మారక నిధివారు దీనిని అపాయములోనున్న కట్టడముల పట్టికలో చేర్చిరి. పిమ్మట వారి చేయూతతోనే యేండ్ల తరబడి మరమ్మతులు సాగినవి.

భవనము ప్రభుత్వముదిగానే యుండవలెను. అమ్ముట నాకు సమ్మతము కాదు. వాడుక విద్యాలయమునకుండనిండు. మరమ్మతుల పద్దు మాత్రము జీతముల పద్దుతో కలియరాదు. దానికి వేరుగా నొక సంఘము, ఏటేట కొంత పైకము నుండవలెను. 2022లో ఆ కళాశాల విశ్వవిద్యాలయమైనది. తొలకరికి ముందు ఆ మిద్దెయెక్కి పగుళ్లు చూచువాడెవడో, వాని కూలి యే పద్దున వ్రాయుదురో, నేనడుగునది అంతమాత్రమే.