రాజధాని గీసినవాళ్ల బొమ్మరిల్లు

ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాను కాగితం మీద గీసిన భార్యాభర్తలు, తమ సొంతింటికి అనుమతి తెచ్చుకున్నది బొమ్మరిల్లు అని చెప్పి. 1920లో మెల్‌బోర్న్ శివారు హైడెల్‌బర్గ్ ప్రాంతంలో వాళ్లు కట్టుకున్న ఇల్లు 21 అడుగుల పొడవు, 21 అడుగుల వెడల్పు. అంత చిన్నదాన్ని ఇల్లుగా ఒప్పుకోవడానికి నిబంధనల్లో చోటు లేదు. పక్కనే భర్తగారి చెల్లెలి ఇల్లుంది. ఆ ఇంటికి అనుబంధంగా ఓ బొమ్మరిల్లు కడుతున్నట్టు కాగితాల మీద చూపించి, ఆ బొమ్మరింట్లో నిజం కాపురం పెట్టారు.

ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి నా వేళ్లు ఊరుకోలేదు. 21ని 21తో హెచ్చవేస్తే 441 చదరపు అడుగులు. సెంటు అంటే 435.6. అంటే ఒక ఖండానికి రాజధాని గీసిన దంపతులు కాపురం చేసింది సెంటు జాగాలో! మా నెల్లూరు లెక్కలో పన్నెండు అంకణాల పైచిలుకు. మా తాతగారి ఇల్లూ పన్నెండు అంకణాలే. ఆయన జీవితంలో గీసింది పొలం గట్టు తగాదాలో ఒక్క పటం. అయినా సరే, ఇంటి కొలతలో మాత్రం ఆయనా, ఆ దంపతుల్లో భర్త వాల్టర్ బర్లీ గ్రిఫినూ సమానులే అని తేలింది.

నేను ఈ లెక్కల్లో పడ్డది మా చెల్లెలి వల్ల. మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో చెల్లెలూ బావగారూ 400 చదరపు మీటర్ల స్థలం కొన్నారు, మన లెక్కలో పది సెంట్లకు కాస్త తక్కువ. ఓ ఆదివారం ప్లాను పంపించి, ఫోను చేసింది.

"మొత్తం 28 స్క్వేర్లు అన్నయ్యా."

"స్క్వేరంటే ఎంతే?"

"ఏమో మరి. ఇక్కడ బిల్డర్లందరూ అలాగే అంటారు. మేమూ అంటున్నాం."

స్క్వేర్ అంటే వంద చదరపు అడుగులు. ఇంగ్లండులో కప్పులూ నేలలూ వేసే పనివాళ్లు వాడుకున్న లెక్క అది. ఆస్ట్రేలియా 1970లో చట్టం చేసి మీటర్లకు మారింది. దారి పొడవు కిలోమీటర్లయింది, పాలు లీటర్లయ్యాయి, ఇల్లు మాత్రం స్క్వేర్ల దగ్గరే ఆగిపోయింది. మనం నవ్వడానికి లేదు. 1956లోనే మీటర్ల చట్టం చేసుకున్న దేశం మనది. అయినా గజాలు, సెంట్లు, అంకణాలు వదిలామా? బెంగళూరులో ఇల్లు కట్టించేవాళ్లు ఇప్పటికీ స్క్వేర్లలోనే మాట్లాడతారు. మనిషి అన్నిటినీ కొత్త కొలతలోకి మార్చుకుంటాడు గానీ, తల దాచుకునే చోటును నాన్న కొలిచినట్టే కొలుస్తాడు.

స్క్వేరు, అంకణం, ఈ రెంటిలో నా ఓటు అంకణానికే. స్క్వేర్ లెక్క కోసం పుట్టిన కొలత. అంకణం ఇంట్లోనే పుట్టింది. దూలానికీ దూలానికీ మధ్య ఖాళీ అంకణం. దూలం ఎంత దూరం నిలబడగలదో చెట్టు చెప్పేది, దాన్నిబట్టి ఇల్లు వచ్చేది. ఆ తర్వాత నెల్లూరులో 36 చదరపు అడుగులకు, ఇతర చోట్ల 72కు బిగుసుకుపోయి, దూలాల ఊసే లేని అపార్ట్‌మెంట్ల ప్రకటనల్లోకి ఎక్కింది.

సరే, బొమ్మరింటికి వద్దాం. అసలు అక్కణ్నించి కదలాలని నాకు లేదు.

ఆ దంపతుల్లో భార్య, మేరియన్ మహోనీ, 1871లో పుట్టింది. 1894లో అమెరికాలోని ఎమ్‌ఐటీలో ఆర్కిటెక్చర్ పూర్తిచేసి, ఇల్లినాయ్‌లో లైసెన్సు తెచ్చుకున్న తొలి మహిళ అయింది. పేరుమోసిన ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేసింది. రైట్ పేరు ఐరోపా దాకా మోసిన చిత్రాల్లో చాలా వాటి మీద నడిచింది ఆమె కలమే. అదే ఆఫీసులో పనిచేసిన వాల్టర్ ఆమె కంటే దాదాపు ఆరేళ్లు చిన్న. 1911లో పెళ్లయ్యేనాటికి ఆమెకు 40, అతనికి 34.

ఆస్ట్రేలియా తన కొత్త రాజధానికి ప్లాన్లు కావాలని ప్రపంచానికంతా పోటీ పెట్టింది ఆ రోజుల్లోనే. వాల్టర్ రేపు మొదలెడతా, మాపు మొదలెడతా అంటూ నెలలు గడిపాడు. చివరికి ఓ రోజు మేరియన్ తేల్చి చెప్పేసింది: ఈ క్షణం మొదలుపెట్టకపోతే నేను పెన్సిల్ ముట్టేది లేదు. ఈ మాట ఆవిడే తన జ్ఞాపకాల్లో రాసుకుంది. ఇల్లు కట్టుకున్న ఏ తెలుగింటి ఇల్లాలికైనా ఈ సన్నివేశం కొత్త కాదు. మేస్త్రీకి ఫోన్ చేయమని ఆరు నెలలుగా చెబుతుంటే రేపంటున్న మొగుడు ప్రతి వీధిలోనూ ఉన్నాడు.

తొమ్మిది వారాల్లో పని పూర్తయింది. వచ్చిన 137 ఎంట్రీల్లో వాళ్లది 29వ నంబరు. ఐన్‌స్లీ కొండ మీద నిలబడి చూస్తే ఇంకా పుట్టని ఊరు ఎలా కనిపిస్తుందో మేరియన్ పొడవాటి చిత్రంగా వేసింది. ఆ కొండను ఆమె అప్పటికి కంటితో చూడలేదు. 1912లో బహుమతి వచ్చింది, వాల్టర్ పేరు మీద. ఇద్దరూ ఆస్ట్రేలియా వచ్చారు. వాల్టర్ ఏళ్ల తరబడి ఆఫీసర్లతో తగవులాడి 1920 చివరికి కాన్‌బెర్రా పనికి దండం పెట్టి బయటపడ్డాడు. రాజధాని చేజారిన ఆ ఏడాదే బొమ్మరిల్లు లేచింది.

దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ఫోలియోటా. అదొక రకం పుట్టగొడుగు. ఇటుకల వరసలు, తాపీ మేస్త్రీ కోసం పడిగాపులు లేకుండా ఇల్లు కట్టడానికి 1917లో వాల్టర్ ఓ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. పేరు నిట్‌లాక్. పలచటి కాంక్రీటు పలకలు ఒకదాని అంచులోకి ఒకటి దిగి, పిల్లలు పేర్చుకునే బిళ్లల్లా బిగుసుకుంటాయి. ఫోలియోటా ఆ పలకలతో లేచింది. మధ్యన ఒక గది, దాన్ని చుట్టుకుని పడకకు, వంటకు, స్నానానికి చిన్న చిన్న మూలలు. అంతే. పడకగది ఎన్ని, అటాచ్‌డ్ ఎన్ని అనే ప్రశ్నే లేదు.

మనకో సామెత ఉంది: ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం. ఇరుకింట్లో సంసారం సుఖపడదని దాని లోపలి మాట. ఆ సామెత చెప్పినవాడు ఫోలియోటా గడప తొక్కి ఉంటే మాట మార్చుకునేవాడు. ఇంట్లో చోటు తక్కువని వాళ్లకు అనిపించకపోవడానికి కారణం గోడల్లో లేదు, బయట ఉంది. ఆ వీధుల లేఅవుటు వాళ్లదే. ఇళ్ల వెనక స్థలాలన్నీ కలిసేచోట అందరికీ ఒకే తోట వచ్చేలా గీశారు. పెరడు ఉమ్మడిదైతే ఇల్లు సెంటైనా చాలు. ఆ తర్వాత సిడ్నీలో కాసిల్‌క్రాగ్ అనే పేట కట్టినప్పుడూ ఇదే పట్టుదల: రోడ్డు కొండ వంపును బట్టి నడవాలి, ఇల్లు బండరాళ్లకు ఒదిగి కూర్చోవాలి, కంచెలు ఉండకూడదు. మన పల్లెల్లో అరుగు చేసిన పనిని వాళ్లు చెట్లతో చేయించారు. నా మట్టుకు, ఇళ్ల చరిత్రలో మనం పోగొట్టుకున్నది ఇదే: గోడకు అవతలిది కూడా ఇల్లేనన్న నమ్మకం.

వాళ్ల కథ మన దేశంలో ముగిసింది. లక్నో విశ్వవిద్యాలయం గ్రంథాలయానికి ప్లాను గీయడానికి 1935లో వాల్టర్ వచ్చాడు. తర్వాత మేరియన్ వచ్చి చేరింది. 1937 ఫిబ్రవరిలో శస్త్రచికిత్స వికటించి వాల్టర్ అక్కడే పోయాడు. లక్నో క్రైస్తవ శ్మశానంలో ఉన్నాడు. మేరియన్ చికాగో తిరిగి వెళ్లి 1961 దాకా బతికింది. కాన్‌బెర్రాలో సరస్సుకు వాల్టర్ పేరు పెట్టారు. ఆవిడ ఊహించి గీసిన ఐన్‌స్లీ కొండ మీది చోటుకు ఆవిడ పేరు పెట్టడానికి 2013 రావాల్సొచ్చింది.

ఆస్ట్రేలియాలో గ్రిఫిన్ల ముందు ఇల్లు కట్టుకున్న ఆలుమగలు ఎవరూ లేరని కాదు. విక్టోరియా పడమట బుడ్జ్ బిమ్ దగ్గర గుండిజ్‌మారా ప్రజలు రాళ్లు పేర్చి కట్టుకున్న ఇళ్ల ఆనవాళ్లున్నాయి. వాళ్లు పాము చేపల కోసం తవ్విన కాలువలకు ఆరువేల ఏళ్ల పైన వయసు. ఏ మూల పొయ్యి పెట్టాలని ఆ ఆలుమగలు ఏం మాట్లాడుకున్నారో రాళ్లు చెప్పవు. తెల్లవాళ్ల ఇళ్లలో మిగిలిన వాటిల్లో పాతది సిడ్నీ పడమట పరమట్టాలోని ఎలిజబెత్ ఫార్మ్, 1793లో జాన్ మకార్థర్ కట్టి భార్య పేరు పెట్టుకున్నది. గొడవల్లో ఇరుక్కుని ఆయన 1809 నుంచి ఎనిమిదేళ్లు ఇంగ్లండులో ఉండిపోతే, గొర్రెల వ్యాపారాన్ని నడిపింది ఎలిజబెత్. ఇంటికి పేరు ఆవిడది, కష్టం ఆవిడది, చట్టం ముందు ఆస్తి మాత్రం మొగుడిది.  ఎలిజబెత్ ఫార్మ్‌కు తర్వాత వరండాలు చేర్చారు. ఆ మాట మన దేశం నుంచి ఇంగ్లీషులోకి ఎక్కి సముద్రం దాటినదే. ఇప్పుడు పరమట్టా చుట్టుపక్కల మనవాళ్లే బోలెడు మంది. వాళ్ల కొత్త ఇళ్ల ప్లాన్లలో వరండా అన్న మాట లేదు, దాని చోట 'అల్ఫ్రెస్కో' ఉంది.

నాకిష్టమైన మరో మజిలీ 1947. యుద్ధం అయిపోయింది. సైన్యం నుంచి కుర్రాళ్లు వచ్చి పెళ్లిళ్లు చేసుకున్నారు. ఇటుక లేదు, కలప లేదు. ఇల్లు సుమారు 12 స్క్వేర్లు దాటకుండా సర్కారు ఆంక్షలు. అప్పుడు విక్టోరియా ఆర్కిటెక్టుల సంఘం, 'ద ఏజ్' పత్రిక కలిసి స్మాల్ హోమ్స్ సర్వీస్ పెట్టాయి. ఐదు పౌండ్లిస్తే ఆర్కిటెక్టు గీసిన పూర్తి ప్లాను చేతికొచ్చేది. నడిపినవాడు రాబిన్ బాయిడ్, అప్పటికి ముప్పై నిండని కుర్రాడు. వారం వారం పేపర్లో రాసేవాడు. ఆదివారం అనుబంధంలో వంటల శీర్షిక చదివినట్టు జనం ఇంటి ప్లాన్లు చదివిన రోజులవి. వంటింటి బల్ల మీద పేపరు పరిచి, పెన్సిల్‌తో గోడలు అటూ ఇటూ జరుపుకున్న జంటలు ఎన్నో!

బాయిడ్ తన సొంతింటికి వచ్చేసరికి ఇంకో మెట్టెక్కాడు. 1950ల చివర సౌత్ యారాలో, వాల్ష్ స్ట్రీట్‌లో కట్టుకున్న ఇంట్లో ముందు భాగం పెద్దలది, వెనక భాగం పిల్లలది, నడుమ పెరడు. ఇనప తీగల మీద వేలాడే కప్పు ఈ చివర నుంచి ఆ చివరకు. ఒకే ఇంట్లో రెండు కాపురాలన్నమాట. మన మండువా లోగిలి చూసి ఉంటే అతను తప్పకుండా ముచ్చటపడేవాడు.

ఆ తర్వాతి దశాబ్దాలను గబగబా దాటేస్తాను. ఆంక్షలు పోయాయి, పెద్ద బిల్డర్లు వచ్చారు, మోడల్ ఇళ్ల పేటలు వచ్చాయి. పావు ఎకరం స్థలం, మనకైతే 25 సెంట్లు, ఆస్ట్రేలియా కలగా ఉండేది. స్థలం చిక్కిపోయింది, ఇల్లు ఉబ్బింది. ఇప్పుడు కొత్త ఇల్లు సగటున 230 చదరపు మీటర్ల పైమాటే. పన్నెండు స్క్వేర్లలో ఏది అక్కర్లేదో భార్యాభర్తలు తేల్చుకోక తప్పేది కాదు. ఇరవై ఎనిమిదిలో ఆ మాటే రాదు. టైల్సు రంగు దగ్గర మాత్రం గంటన్నర చర్చ.

మా చెల్లెలి ప్లానులో గొడవంతా దిక్కుల దగ్గర వచ్చింది. వంట ఆగ్నేయం, పూజ ఈశాన్యం, పెద్ద పడకగది నైరుతి అని ఇక్కడి సిద్ధాంతిగారు వాట్సాప్‌లో గుర్తులు పెట్టి పంపారు. కానీ భూమధ్యరేఖకు కింద సూర్యుడు తూర్పున లేచి ఉత్తరం మీదుగా పడమరకు పోతాడు. దక్షిణం గోడ చలికాలమంతా ఎండ ముఖం చూడదు. 1945లోనే వాల్టర్ బనింగ్ అనే ఆర్కిటెక్టు 'హోమ్స్ ఇన్ ద సన్' అని పుస్తకం రాసి, గదుల ముఖం వీధి వైపు కాదు, ఎండ వైపు తిప్పమని మొత్తుకున్నాడు. అక్కడి మనవాళ్లలో కొందరు శాస్త్రాన్ని తిరగేస్తున్నారు, కొందరు ససేమిరా అంటున్నారు. నాకు తోచింది చెప్పాను: వాస్తు ఎండనూ గాలినీ చూసి పుట్టిందని మనం నమ్మితే, అక్కడి ఎండను చూడకపోవడమే వాస్తు దోషం. బావగారు నవ్వారు. సిద్ధాంతిగారు నాతో మాట్లాడ్డం మానేశారు.

స్లాబ్ పోసే ముందు ఒక్క పని చేయమని అడిగాను. అక్కడ స్లాబ్ అంటే కప్పు కాదు, నేల. మన మేస్త్రీలు పునాదికి ముగ్గు పోసినట్టు, ఖాళీ స్థలంలో 21 అడుగుల చదరం తాడుతో వేయమన్నాను. బావగారు నాలుగు మేకులు దిగ్గొట్టారు. ఇద్దరూ మడత కుర్చీలేసుకుని ఆ తాడు లోపల కూర్చుని నాకు వీడియో కాల్ చేశారు. గాలి హోరు.

"ఏమండీ, పొయ్యి అక్కడ పెడితే మీరెక్కడ కూర్చుంటారు?" అంది చెల్లెలు.

"పొయ్యి పక్కనే. ఇంకెక్కడ?" అన్నారాయన.

ఆరు నెలలుగా వాళ్లు థియేటర్ గది గురించి, గ్యారేజీ తలుపు గురించి మాట్లాడుకోవడం విన్నాను. ఎవరు ఎక్కడ కూర్చుంటారన్న మాట మొదటిసారి విన్నాను. ఇల్లు మాత్రం 28 స్క్వేర్లే, ఒక్కటీ తగ్గలేదు. థియేటర్ గదీ ఉంది. ఉత్తరం గోడకు మాత్రం వెడల్పాటి కిటికీ ఒకటి కొత్తగా వచ్చింది, దాని ముందు ఇద్దరు కూర్చునేంత అరుగుతో. బిల్డర్ కాగితంలో దానికి పేరేమీ లేదట, అదనపు పని అని రాసి ధర వేశాడు.