రీడ్-అక్రాస్: సారూప్యం ఆధారంగా విషప్రభావ అంచనా

పరీక్షల సమాచారం లేని రసాయనం ఎంత విషపూరితమో, దాన్ని పోలిన, ఇదివరకే పరీక్షించిన రసాయనాలను బట్టి అంచనా వేసే పద్ధతిని విషశాస్త్రంలో రీడ్-అక్రాస్ అంటారు. సమాచారం ఉన్నది మూల పదార్థం, తేల్చాల్సినది లక్ష్య పదార్థం. వాడుకలో ఉన్న వేలాది రసాయనాల్లో ప్రతిదాన్నీ జంతువుల మీద పరీక్షించాలంటే ఏళ్లు పడుతుంది, ఖర్చూ ఎక్కువే. ఎన్నో మూగజీవాలూ బలవుతాయి. అందుకే ఈ పద్ధతి అవసరమైంది.

అయితే పోలిక అంటే ఏమిటన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో, బట్టలకు ప్లాస్టిక్ పూత పూసి రంగులు అద్దే ఒక కర్మాగారంలో మిథైల్ ఐసోబ్యూటైల్ కీటోన్ అనే ద్రావణికి బదులు మిథైల్ నార్మల్-బ్యూటైల్ కీటోన్ వాడటం మొదలుపెట్టారు. రెంటిలోనూ 6 కార్బన్, 12 హైడ్రోజన్, 1 ఆక్సిజన్ పరమాణువులే. కార్బన్ గొలుసు మొదటిదానిలో చీలి ఉంటుంది, రెండోదానిలో తిన్నగా ఉంటుంది. తేడా అంతే. 1973లో అక్కడి కార్మికుల్లో పదుల మందికి కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి, పట్టు సడలిపోతున్నట్టు బయటపడింది.

తిన్నని గొలుసున్న కీటోన్‌ను శరీరం 2,5-హెక్సేన్‌డయోన్‌గా మారుస్తుంది. అది నాడీతంతువుల ప్రొటీన్లలోని లైసిన్ అనే అమైనో ఆమ్లంతో కలిసి పైరోల్ వలయాలను ఏర్పరుస్తుంది. దాంతో ప్రొటీన్ పోగులు ఒకదానికొకటి అతుక్కుపోయి తంతువు ఉబ్బుతుంది. పొడవైన నాడులు ముందుగా దెబ్బతింటాయి గనక లక్షణాలు పాదాల్లో, చేతుల్లో మొదలవుతాయి. చీలిన గొలుసున్న కీటోన్ నుంచి ఈ పదార్థం తయారవదు.

తవుడు నూనె తీసే సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్ మిల్లుల్లో వాడే హెక్సేన్‌లో అసలు ఆక్సిజనే లేదు. అయినా నార్మల్ హెక్సేన్ ఆవిరిని దీర్ఘకాలం పీల్చినవారిలో అదే నాడీవ్యాధి కనిపిస్తుంది, ఎందుకంటే కాలేయం దాన్నీ చివరికి ఆ హెక్సేన్‌డయోన్‌గానే మారుస్తుంది. హెక్సేన్ కన్నా ఒక కార్బన్ తక్కువున్న పెంటేన్‌కు మాత్రం ఈ గుణం లేదు. కాబట్టి కాగితం మీది బొమ్మల పోలిక కన్నా, శరీరంలోకి వెళ్లాక రెండు పదార్థాలూ ఏమవుతాయన్న పోలికే ముఖ్యం.

యూరోపియన్ యూనియన్‌లో 2007లో అమల్లోకి వచ్చిన రీచ్ అనే రసాయనాల నియంత్రణ నిబంధనలు రీడ్-అక్రాస్‌ను షరతులతో అనుమతించాయి. హెల్సింకీలోని యూరోపియన్ కెమికల్స్ ఏజెన్సీ 2015లో దీని మదింపు విధానాన్ని ప్రచురించింది. నిర్మాణం కలిసిందని చూపితే అక్కడ చాలదు, విషప్రభావం ఎందుకు ఒకేలా ఉంటుందో ఆధారాలతో వివరించాలి. సారూప్య పదార్థాలను వెతికేందుకు ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) వారి క్యూసార్ టూల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది.

అణువుల పోలికను సంఖ్యగా చెప్పేందుకు టానిమోటో గుణకం ప్రసిద్ధం. ఏ పోలికా లేకపోతే 0, గణించిన లక్షణాలన్నీ కలిస్తే 1. 2018లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాంటి పోలికలకు మెషీన్ లెర్నింగ్‌ను జోడించారు. తొమ్మిది రకాల పరీక్షల్లో వారి అంచనాలు సగటున 87 శాతం సరిపోయాయి. జంతు పరీక్షలనే మళ్లీ చేసినప్పుడు పాత ఫలితం సగటున 81 శాతమే తిరిగి వచ్చింది. కోల్‌కతాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలోనూ ఈ దిశగా చెప్పుకోదగ్గ కృషి జరుగుతోంది. అయితే అన్ని రకాల హానులకూ సమాచారం సమానంగా లేదు. కంటిమంట, చర్మపు దురద వంటి వాటికి అది పుష్కలం. సంతానోత్పత్తికి, గర్భస్థ శిశువుకు కలిగే హాని విషయంలో పోల్చి చూసేందుకు మూల పదార్థాలే తక్కువ. అక్కడ ‘ఇది హానికరం కాదు’ అని తేల్చడానికి మరింత గట్టి ఆధారం కావాలి.