రొయ్యల గుంటలు నేర్పిన లెక్క

పెన్నానది సముద్రమున కలియు చోటునుండి దక్షిణముగా పులికాటు సరస్సు వరకు నెల్లూరు తీరము ఇసుకదిబ్బలతోను, చవుడు నేలలతోను, ఉప్పుటేళ్లతోను నిండియున్నది. కృష్ణపట్టణము వద్ద కండలేరు సముద్రమున కలియును. తీరము వెంబడి బకింగ్‌హాము కాలువ సాగును. పోటు వచ్చినపుడు ఉప్పునీరు ఈ ఏళ్లలోనికి ఎగదన్నును. ఆటు వచ్చినపుడు వెనుకకు తీయును. వరి సరిగా పండని ఈ చవుడు నేలకు పూర్వము చెప్పుకోదగిన ధర లేదు. 1990 ప్రాంతమున ఆ నేలకే గొప్ప గిరాకి వచ్చెను. దానికి కారణము టైగర్ రొయ్య.

రొయ్యల పెంపకములోని పద్ధతి వినుటకు సులభముగనే యుండును. ఏటి ఒడ్డున గుంటలు త్రవ్వి, గట్లు పోసి, ఏటినీటిని మోటార్లతో తోడి నింపుదురు. హేచరీలలో పొదిగించిన రొయ్య పిల్లలను తెచ్చి అందులో వదలి, మేత వేసి, ఇంచుమించు నాలుగు మాసములు పెంచి పట్టుదురు. పట్టిన సరుకు జపానుకు, అమెరికాకు ఎగుమతి యగును. ఒక్క పంట చేతికి వచ్చిన రైతు పాత అప్పులు తీర్చుకొని కొత్త గుంట త్రవ్వుచుండెను. అతనిని చూచి పొరుగువాడును త్రవ్వెను. కొలది సంవత్సరములలో ఏటి ఒడ్డులు గుంటలతో నిండిపోయెను.

1994లో భారతదేశపు తూర్పు తీరమునకు తెల్లమచ్చల తెగులు వచ్చెను. ఈ తెగులు 1992లో తైవానులోను, 1993లో చైనా, జపాను దేశములలోను కనిపించినది. తెగులు సోకిన రొయ్య మేత మానును; గట్టు చేరువకు వచ్చి నీరసముగా ఈదును; తల డిప్ప లోపలి భాగమున తెల్లని మచ్చలు ఏర్పడును. మచ్చలు కనిపించిన తరువాత మూడు దినములనుండి పది దినములలోపల గుంటలోని రొయ్యలు దాదాపు అన్నియు చచ్చిపోవచ్చును. మనుష్యులకు దీనివలన హాని లేదు. కాని అప్పు తెచ్చి పంట పెట్టిన కుటుంబమునకు ఆ పది దినములు చాలును.

తెగులునకు మూలము ఒక వైరసు అని శాస్త్రజ్ఞులు త్వరలోనే గ్రహించిరి. 1996 నాటికి దానిని పీసీఆర్ పరీక్షచే పసికట్టు విధానము సిద్ధమాయెను. 2001లో దాని జన్యుపదార్థమును సాంతముగా చదివిరి. అందు ఇంచుమించు మూడు లక్షల జన్యాక్షరముల జంటలు కలవు. ఇంత తెలిసినను గుంటలలో చావులు ఆగలేదు. రొయ్యకు మనకువలె ప్రతిరక్షకములను తయారుచేయు శక్తి లేదు. కనుక మామూలు టీకా పనిచేయదు. వైరసును చంపు మందును లేదు. పీతలలోను, ఏటిలోని అడవి రొయ్యలలోను అదే వైరసు దాగియుండగలదు.

ఇంతలో మరియొక ప్రశ్న తలయెత్తెను. గుంటల ఉప్పు పొరుగు పొలములలోనికిని, మంచినీటి బావులలోనికిని ఊరుచున్నదను ఫిర్యాదులు తీరగ్రామములనుండి వచ్చుచుండెను. 1996 డిసెంబరు 11వ తేదీన సుప్రీంకోర్టు, తీర నియంత్రణ మండలములోని రొయ్యల గుంటలను తొలగింపవలసినదని తీర్పు చెప్పెను. సంప్రదాయ పద్ధతి గుంటలను మాత్రము మినహాయించెను. ఆ తీర్పు ననుసరించి 1997లో జలసేద్య ప్రాధికార సంస్థ ఏర్పడెను. 2005లో ఇందుకు ప్రత్యేక చట్టమే వచ్చెను. గుంట యన్నది గట్లతో ముగిసిపోవు వస్తువు కాదనియు, దానికి చుట్టునున్న బావితో, పొలముతో, ఏటితో సంబంధము కలదనియు ఈ వివాదము అందరికిని తెలియజేసెను.

తెగులు విషయములో రైతులను కలవరపెట్టినది వేరొక సంగతి. ఒకే హేచరీనుండి, ఒకే దినమున పిల్లలను తెచ్చుకొన్న ఇద్దరు రైతులలో ఒకని గుంట నలుబది దినములకే చచ్చును. రెండవవాని గుంట పంటకు వచ్చును. వైరసు ఉన్న గుంటలన్నియు చచ్చుటలేదు. కనుక వైరసు లేనిదే ఈ తెగులు రాదు. కాని వైరసు ఉన్నంత మాత్రమున తెగులు వచ్చితీరదు. తర్కశాస్త్రములో దీనిని ఆవశ్యకమే కాని పర్యాప్తము కాని కారణమందురు. ఒక్క విత్తనమే చెట్టునకు చాలదు. తేమయు, నేలయు, కాలమును కలియవలెను.

ఇచ్చట వైద్యశాస్త్ర చరిత్రలోని ఒక ఘట్టము జ్ఞప్తికి వచ్చును. 1854లో లండను నగరపు బ్రాడ్ వీధిలో కలరా వ్యాపించినపుడు జాన్ స్నో అను వైద్యుడు చనిపోయినవారి ఇండ్లను పటముమీద గుర్తించెను. చావులు ఒక చేతిపంపు చుట్టును గుమిగూడియుండెను. అంతతో ఆగక, సమీపముననే యుండియు చావు తప్పించుకొన్నవారి సంగతియు అతడు విచారించెను. ఆ వీధిలోని సారాయి బట్టీ పనివారు ఆ పంపు నీరు త్రాగనే లేదు. వారిలో కలరా చావు లేదు. పంపు పిడిని సెప్టెంబరు 8వ తేదీన తీసివేసిరి. కలరా క్రిమిని రాబర్ట్ కాఖ్ లోకమునకు చూపినది ఆ తరువాత ముప్పది సంవత్సరములకు. క్రిమి యేదో తెలియకయే స్నో దారి కనుగొనెను. రొయ్యల విషయములో జరిగినది ఇందుకు విరుద్ధము. క్రిమి తెలిసినది, దారి తెలియలేదు.

నెల్లూరు జిల్లాకు ఈ విధమైన విచారణ కొత్తదియు కాదు. మెట్టగ్రామములలో వెన్ను బిగుసుకొని వంగలేకపోవు రోగమును గూర్చి షార్ట్, పండిట్, రాఘవాచారి అను శాస్త్రజ్ఞులు 1937లో ఒక వ్యాసము ప్రకటించిరి. వారు రోగి శరీరమును మాత్రమే కాక అతడు త్రాగు బావినీటిని కూడ పరీక్షించి, అందలి ఫ్లోరైడునకును రోగమునకును గల సంబంధమును వెల్లడించిరి. భారతదేశమున ఫ్లోరోసిస్‌ను గూర్చిన పరిశోధన అట్లు నెల్లూరు జిల్లాతోనే ఆరంభమైనది.

2000 సంవత్సరమున సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థయు, బాంకాకులోని ఆసియా పసిఫిక్ జలసేద్య కేంద్రముల సంఘమును కలిసి రొయ్యల తెగులుపై ఇట్టి విచారణకే పూనుకొనెను. నెల్లూరు, పశ్చిమ గోదావరి జిల్లాలలో 365 గుంటలను ఎన్నుకొనిరి. పంట ఆరంభమునుండి చివరివరకు ప్రతి గుంట చరిత్రను వ్రాసిపెట్టిరి. అడుగు బురద తీసిరా లేదా, నీరు ఎచ్చటినుండి వచ్చినది, ఎంత లోతు, పిల్లలను ఎప్పుడు వదలిరి, ఆ పిల్లలలో వైరసు కలదా, మేత ఎంత, తుదకు ఎంత పంట వచ్చినది అను ప్రశ్నలకు సమాధానములు సేకరించిరి. చచ్చిన గుంటలనే కాక బ్రతికిన గుంటలను కూడ లెక్కలోనికి తీసికొనుట ఇందలి ముఖ్యమైన విషయము. రోగులను మాత్రమే చూచిన వైద్యునికి ఆరోగ్యవంతులు ఏమి చేసిరో తెలియదు.

ఈ లెక్క ఎట్లు పనిచేయునో ఒక కల్పిత ఉదాహరణచే చూడవచ్చును. నూరు గుంటలు కలవనుకొందము. అందు 40 గుంటలలో బురద తీసిరి; వానిలో 10 చచ్చెను. మిగిలిన 60 గుంటలలో బురద తీయలేదు. వానిలో 30 చచ్చెను. మొదటి జట్టులో నష్టము నూటికి 25, రెండవ జట్టులో నూటికి 50. బురద తీయని గుంటకు ప్రమాదము రెండురెట్లని తోచును. కాని తొందరపడరాదు. బురద తీయు ఓపిక గల రైతే పిల్లలను పరీక్ష చేయించియుండవచ్చును. మేలు దేనివలన కలిగినదో ఎట్లు చెప్పుట? అందుచే పరీక్షించిన పిల్లలు గల గుంటలను ఒక జట్టుగను, పరీక్షింపని వానిని ఒక జట్టుగను విడదీసి, ఒక్కొక్క జట్టులో బురద లెక్కను మరల చూడవలెను. కారణములు పదియో ఇరువదియో అయినపుడు జట్లు చిన్నవగును. అందువలననే వందలకొలది గుంటల లెక్క కావలసివచ్చినది.

పిల్లల పరీక్ష సంగతియు ఇట్టిదే. నూటికి ఐదు పిల్లలలో వైరసు కలదనుకొందము. 60 పిల్లలను తీసి పరీక్షించినచో వైరసు దొరకకుండ తప్పిపోవు అవకాశము నూటికి ఐదుకంటె తక్కువ. కాని నూటికి ఒక్క పిల్లలో మాత్రమే వైరసు ఉన్నచో అదే 60 పిల్లల పరీక్షలో అది తప్పించుకొను అవకాశము నూటికి 55 వరకు ఉండును. పరీక్షలో దొరకలేదనుటకును, అసలు లేదనుటకును ఇంత భేదము కలదు. పరీక్షా ఫలితమును చూచి నిశ్చింతగా నిద్రపోయిన రైతు మోసపోవుట ఇందువలననే.

365 గుంటల చరిత్రనుండి ఏ ఒక్క అపరాధియు బయటపడలేదు. కారణముల వల యొకటి బయటపడెను. వైరసు సోకిన పిల్లలు ప్రమాదమును పెంచును. కాని అట్టి పిల్లలు వదలిన గుంటలు అన్నియు చావలేదు. పాత పంట బురదను తీసివేయుట, నీటిని వలగుడ్డతో వడగట్టి పీతలను, అడవి రొయ్యలను రానీయకుండుట, నీటిలోతు తగ్గకుండ చూచుట, పిల్లలను పలుచగా వదలుట మొదలగునవి ఒక్కొక్కటి కొంత రక్షణ నిచ్చును. లోతు తక్కువైన గుంటలో పగలు నీరు వేడెక్కును, రాత్రి చల్లబడును. ఆ మార్పులకు రొయ్య నీరసించును. నీరసించిన రొయ్యలో అణగియున్న వైరసు విజృంభించును. ఈ విధముగా వాతావరణము, నేల, నీరు, జీవి, మనుష్యుని అలవాటు ఒకే గొలుసులోని లింకులైనవి.

ఆ గొలుసులో మిక్కిలి కష్టమైన లింకు పొరుగువాడు. తెగులు వచ్చిన గుంటనీటిని రైతు ఏటిలోనికి వదలును. క్రింది రైతు అదే నీటిని తోడుకొనును. ఎంత జాగ్రత్తపడినను ఒంటరి రైతు ఏటిని శుద్ధి చేయలేడు. కనుక సలహా గుంటకు గాక గ్రామమునకు ఇయ్యవలసివచ్చెను. 2002లో ఐదుగురు రైతుల గుంటలలో ఈ మేలైన పద్ధతులను ప్రయోగించి చూచిరి. 2003లో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరులో 58 మంది రైతులు ఒక సంఘముగా చేరి 108 గుంటలలో వానిని ఆచరించిరి. అందరును ఒకే కాలమున పిల్లలను తెచ్చుట, కలిసి పరీక్ష చేయించుట, తెగులు వచ్చినచో దాచక చెప్పి నీరు వదలకుండుట వారి కట్టుబాట్లు. 2006 నాటికి ఇట్టి సంఘములలో 730 మంది రైతులు, 1,370 గుంటలు చేరెను. 2007లో ఈ పని కొనసాగించుటకు చిన్న రైతుల కొరకు ఒక జాతీయ కేంద్రమును స్థాపించిరి.

తరువాతి కథ విజయగాథగా ముగియలేదు. 2009లో ప్రభుత్వము వెనామీ అను విదేశపు రొయ్యను అనుమతించెను. నిర్దిష్ట రోగములు లేని తల్లి రొయ్యలను తెప్పించి, చెన్నైలో వేరుగా నుంచి పరీక్షించిన పిమ్మటనే హేచరీలకు ఇచ్చు ఏర్పాటు చేసిరి. కొలది సంవత్సరములలో టైగర్ రొయ్య స్థానమును వెనామీ ఆక్రమించెను. కాని పిల్లలను మరల దట్టముగా వదలుట మొదలయ్యెను. ఈహెచ్‌పీ అను సూక్ష్మపరాన్నజీవి రొయ్యల ఎదుగుదలను కుంటుపరచుచు వచ్చి చేరెను. ఇది తెల్లమచ్చల తెగులువలె ఒక్కసారిగా చంపదు. మేత తిన్న రొయ్య పెరుగకుండ ఉండిపోవును. రైతు నష్టము నెమ్మదిగా వచ్చును, ఆలస్యముగా తెలియును.

జీవి మారినది, తెగులు మారినది, విచారణ పద్ధతి మాత్రము మారలేదు. వస్తువును ముక్కలుచేసి చూచుట విజ్ఞానమునకు అవసరము. వైరసును కనుగొన్నది ఆ దృష్టియే. ముక్కలన్నియు కలిసి ఎట్లు నడచునో చూచుటయు అంతే అవసరము. దానికి సాధనము లెక్క. సంపూర్ణదృష్టి యన్నంతనే లెక్క లేని మాటలు చెప్పవచ్చునని కాదు. లెక్క యన్నంతనే ఏదో ఒక్క అంకెను పట్టుకొని ఊగులాడవలెననియు కాదు. నెల్లూరు ఉప్పుటేటి ఒడ్డున ఈ రెండింటిని కలుపు పరికరము చాల చవుకయైనది. నీటి లోతు, మేత తూకము, చచ్చిన రొయ్యల సంఖ్య ప్రతిదినము వ్రాసికొను రైతు పద్దుపుస్తకమే అది. పంట పండిన సంవత్సరమునను దానిని వ్రాయుట మానని రైతుకే, పంట పోయిన సంవత్సరమున అది దారి చూపగలదు.