పెండ్లి పీటలపై చురకత్తి

జపానుదేశపు రచయిత యమదా ఫూతారో 1958-59లో వ్రాసిన నవల యొకటి కలదు. చాటుగా ప్రాణములు తీయుటయే విద్యగా గల ఇగా, కోగా అను రెండు పగవంశములలో ఒక యువతియు ఒక యువకుడును ప్రేమించుకొందురు. ఏలినవారి యాజ్ఞచే వారే ఒకరిపై నొకరు కత్తి దూయవలసి వచ్చును. 2005లో ఇది 'షినోబి' అను చలనచిత్రమైనది. ఈ కథ తలపునకు వచ్చినపుడెల్ల నాకు మన నెల్లూరుసీమ కోట యొకటి మనసులో మెదలును.

నెల్లూరినుండి పెన్న వెంబడి పడమరగా పోయి, సంగములో సంగమేశ్వరుని దర్శించి, ఆత్మకూరు మీదుగా సాగినచో ఉదయగిరి చేరుదుము. 16వ శతాబ్ది తొలినాళ్లలో ఆ దుర్గము కళింగాధిపతి ప్రతాపరుద్ర గజపతి చేతిలో నుండెను. శ్రీకృష్ణదేవరాయలు దానిని ముట్టడించెను. సుమారు 1535లో విజయనగర వృత్తాంతమును వ్రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ లెక్క ప్రకారము రాయల వెంట 34,000 కాల్బలము, 800 ఏనుగులు. కోటలోపల 10,000 మంది భటులు, 400 గుఱ్ఱములు. పైకెక్క దారి లేక రాయలు బండలు పగులగొట్టించి బాటలు వేయించెనట. ఏడాదిన్నర పట్టినది. 1514లో కోట లొంగెను. అచ్చటి బాలకృష్ణ విగ్రహమును రాయలు హంపీకి తరలించి గుడి కట్టించెను. మరుసటి యేడు కొండవీడు పడెను. ఆపైన కొండపల్లిలో గజపతి భార్యయు, కుమారుడును చెరపడిరి.

ఇక్కడ నూనిజ్ చెప్పు మాట శ్రద్ధగా వినదగినది. కత్తిసాములో తనకు సరికాని వానితో తలపడుమన్నారని అవమానపడి ఆ రాకుమారుడు ప్రాణము తీసికొనెను. కొడుకు పోయిన తండ్రి, భార్యనైనను విడిపించుకొను ఉపాయ మేమని సాళువ తిమ్మరుసునకు జాబు వ్రాసెను. కూతును రాయలకిచ్చి పెండ్లి చేయుము, భార్యయు భూములును తిరిగి వచ్చునని మంత్రి ప్రత్యుత్తరము. అట్లే జరిగినది.

మరి మన జనశ్రుతిలో ఆ పెండ్లికూతురు ఎట్లున్నది? చీరకుచ్చెళ్లలో చురకత్తి దాచుకొని వచ్చిన పగతుని బిడ్డగా! తండ్రి పన్నిన కుట్రను అప్పాజీ ముందే పసిగట్టి రాయలను కాపాడెనని కొందరందురు. కత్తి ఆమె చేతనే యుండెనని మరికొందరు. నూనిజ్ వ్రాతలో ఆ కత్తి ఊసే లేదు. అన్నను పోగొట్టుకొని, తల్లికి విడుదల వెలగా వచ్చిన పడుచు ఆమె. కత్తి కథలో భర్త నిరాదరణకు కారణము దొరకును. తప్పు ఆమెపై పడును. నాకీ కథపై నమ్మకము లేదు. కత్తి నిజమే యనుకొన్నను, ఆమెను తప్పుపట్టుటకు నాకు నోరు రాదు.

జపాను జంటకు వలపైనను దక్కినది. ఈమెకు పేరు సైతము నిలువలేదు. తుక్క అనియు, జగన్మోహిని అనియు, అన్నపూర్ణ అనియు తలకొక విధముగ వ్రాసిరి. రాయలకు దూరమై కంభములో కాలము గడపెనని చెప్పుదురు. అచ్చట వరదరాజమ్మ యనిరి. గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి కంభము చెరువు కట్టించినది ఆమెయే యని ఆ ప్రాంతపు వాడుక. తుక్కాపంచకమను ఐదు సంస్కృత శ్లోకములును ఆమెవే యందురు. ఎవరును గుర్తింపని సొగసు అందలి వస్తువు. కత్తి ప్రస్తావన వానిలో నెక్కడను లేదు.